అమ్మకు మొదటి రకం

మా ఇంట్లో మంచి రొయ్య ఉడికేది కాదు. అలాగని మాకు రొయ్యలు కరువేమీ కాదు, మాది రొయ్యల వ్యాపారమే. బందరు దగ్గర మా నాన్నకు ఒక రేకుల షెడ్డు ఉంది. సముద్రం నుంచీ చెరువుల నుంచీ వచ్చిన సరుకు తెల్లారేసరికి అక్కడ దిగుతుంది. కిలోకి ఎన్ని తూగుతాయో చూసి కౌంటు కడతారు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదన్నమాట. పెద్దవన్నీ ఐసు పెట్టెల్లోకి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి, ఆపైన ఓడెక్కి దేశాలు దాటి వెళ్లిపోతాయి. నడుం విరిగినవీ, తల నల్లబడినవీ, పెంకు మెత్తబడినవీ మా వంటింటికి వచ్చేవి. అమ్మ వాటితోనే ఇగురు పెట్టేది. వీధి చివరిదాకా వాసన వెళ్లేలా పెట్టేది. అందులోనూ కాస్త పెద్ద ముక్కలు ఏరి మా కంచాల్లో వేసి, తను గిన్నెకు అంటుకున్న గుజ్జులో అన్నం కలుపుకునేది. అదేమిటంటే "నాకు గుజ్జే ఇష్టమే" అనేది. చాలా ఏళ్లు నేను ఆ మాట నమ్మాను.

చాక్లెట్ గురించి రాద్దామని కూర్చుని రొయ్యలతో మొదలుపెట్టాను. ఏం చేయను, మా ఇంట్లో ఏ సంగతి ఎత్తినా చివరికి అక్కడికే వెళుతుంది. చాక్లెట్ కూడా అలాగే వెళ్లింది.

మా తమ్ముడు సరుకు ఓడలో వంటవాడు. కొన్ని నెలలు సముద్రం మీద, కొన్ని నెలలు ఇంటి దగ్గర. మొదటిసారి ఓడ దిగి వచ్చినప్పుడు వాడి సంచిలో ఒకే కంపెనీ చాక్లెట్లు నాలుగు రకాలు ఉన్నాయి. రకాలంటే పేరు ఒకటే, ఎర్ర కాగితమూ దాని మీద బంగారు గీతా ఒకటే. కొన్న రేవులే వేరు. ఒకటి గల్ఫ్‌లో, ఒకటి మలేషియాలో, ఒకటి యూరప్‌లో, ఒకటి అమెరికాలో. అదే ఎర్ర కాగితం చాక్లెట్ మా వీధి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. వాడు ఐదింటినీ చాప మీద వరసగా పేర్చి, "అక్కా, కళ్లు మూసుకుని తిను. ఏది ఏ దేశానిదో నువ్వే చెప్తావు" అన్నాడు.

నిజంగానే చెప్పగలిగాను. మన ఊరిది పంటికి తగిలి టక్కున విరిగింది, ముందు తీపి తెలిసింది, తర్వాతా తీపే తెలిసింది. గల్ఫ్‌దీ మలేషియాదీ దానికి అక్కచెల్లెళ్లే, కాస్త పాల రుచి ఎక్కువ. అమెరికాది నోట్లో పెట్టగానే నాన్న మొహం చిట్లించి, "పాలు విరిగిపోయాయిరా" అని పెరట్లోకి వెళ్లి ఉమ్మేశాడు. నాక్కూడా అందులో ఏదో పులుపు తగిలింది. అక్కడివాళ్లకు ఆ పులుపే చాక్లెట్ రుచి అట. యూరప్‌ది మాత్రం నమలనివ్వలేదు. నాలుక మీద పెడితే దానంతటదే జారిపోయింది. తీపి వెనక ఒక చేదు, ఆ చేదు వెనక పాలు, మింగాక కూడా కాసేపు ఉండిపోయిన వాసన. పొరుగింటి పుల్లకూర రుచి అనే మనిషిని కాదు నేను. అమెరికా ముక్కకు మార్కులు వేయలేదు కదా! కానీ ఆ యూరప్ ముక్క తిన్నాక మా కొట్టు చాక్లెట్ మీద నాకు కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ దాన్ని ప్రేమించాను మరి.

నేను విజయవాడలో ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. కాగితం వెనక చిన్న అక్షరాలు చదవకుండా వదలను. మన దానిలో చక్కెర, పాలపొడి, ఆ తర్వాత ఎక్కడో కోకో. కోకో వెన్నకు తోడు ఇంకేదో నూనె కొవ్వు. యూరప్ దానిలోనూ చక్కెరే ముందు, కానీ దాని భుజం మీద చెయ్యేసినట్టు కోకో వెన్న. ఆ వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది, అందుకే నోట్లో అలా జారిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పేరుబడ్డ మన ఎండలకు, ఫ్రిజ్ లేని కొట్లో, అది ఒక పూట కూడా నిలవదు. అందుకని మనకు గట్టిగా చేసి పంపుతారు. ఇదంతా నాన్నకు విడమరిచి చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"అదేం లేదమ్మాయ్. ఎవడి సరుకు వాడు ఏరుకుంటాడు. మనం మంచి రొయ్య వాళ్లకి పంపుతాం, వాళ్లు విరిగిన రొయ్య మనకి పంపుతారు. గ్రేడింగే" అన్నాడు.

"ఎండకి కరుగుతుంది నాన్నా."

"కరిగితే ఐసులో పెట్టి పంపొచ్చుగా. నేను పంపట్లా? నూజివీడు వైపు కొబ్బరి తోటల్లో కోకో కాయలు కాస్తన్నాయి. గింజ మనం పండించాలి, వెన్న వాళ్లు తినాలి. గాడిదకేం తెలుసు గంధం వాసన అనుకుంటారు మనల్ని."

వాదించాను కానీ, ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. ఎండ సంగతి నిజమే. అయినా ఎండలు లేని పుష్యమాసంలో కూడా మా కొట్లోకి వచ్చేది ఆ గట్టి చాక్లెట్టే.

ఇంత గొడవలోనూ అమ్మ ఒక్క ముక్క ముట్టలేదు. "పెద్దవాళ్లకి చాక్లెట్లేంటే" అని యూరప్ చాక్లెట్లు ఏరి బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఇంటికొచ్చిన చుట్టాలకు, చిన్నప్పుడు మాకు ట్యూషన్ చెప్పిన మాస్టారికి, బ్యాంకు ఆయనకు తలా ఒకటి ఇచ్చింది. తమ్ముడు ఓడ దిగిన ప్రతిసారీ ఇదే తంతు. ఎవరికి ఏ రకం ఇవ్వాలో అమ్మకు బాగా తెలుసు. ఆ వరసలో తన పేరు మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు.

పోయిన వేసవిలో అమ్మకు బుగ్గ లోపల పుండు లేచింది. మానలేదు. ముక్క తీసి పరీక్ష చేశారు, మేం భయపడ్డదే అయింది. అమ్మను భవానీపురంలో మా ఇంటికి తెచ్చేసుకున్నాను. సోమవారం నుంచి రేడియేషన్ అని చెప్పారు. డాక్టరుగారు మంచి మనిషి, ఏదీ దాచలేదు. "నోరు ఎండిపోతుందమ్మా. రుచి తెలియదు. కొన్నాళ్లకి తిరిగి రావచ్చు. ఎంతవరకు వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నారు.

తిరిగి వస్తుంటే ఆటోలో అమ్మ నవ్వింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. నా పనీ అట్టానే ఉంది" అంది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ఆ డాక్టరు మీద కాదు, పుండు మీద కూడా కాదు. ఇన్నేళ్లూ ఆమె కంచంలో పడ్డ గుజ్జు మీద. ఒక్కసారి కూడా మొదటి రకం తినకుండానే ఆ నాలుక పోతుందా? పోనివ్వకూడదని ఆటోలోనే నిర్ణయించుకున్నాను. సోమవారంలోగా అమ్మ ఆ యూరప్ చాక్లెట్ తినాలి. ముక్క కాదు, మొత్తం. ఎవరికీ పెట్టకుండా, తనొక్కతే. మా వైపు పట్టుదలను ఉడుం పట్టు అంటారు. ఆ వారం నాది అదే పట్టు.

అదృష్టం కొద్దీ తమ్ముడు అప్పుడే ఓడ దిగి బందరులో ఉన్నాడు. ఫోన్ చేస్తే "రెండు ప్యాకెట్లు ఉన్నాయక్కా, పంపిస్తా" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం చూస్తే గుమ్మంలో నాన్న. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, భుజం మీద తెల్లటి థర్మకోల్ పెట్టె.

"షెడ్డు కుర్రాడికి ఇస్తే సంచిలో కుక్కి తెస్తాడు. ఈ ఎండకి బస్సులో రెండు గంటలు. కరిగి నీరైపోదూ?" అని పెట్టె దించి టేపు విప్పాడు. లోపల నలగ్గొట్టిన ఐసు పరుపులా పరిచి, మధ్యలో చాక్లెట్లు పెట్టి, పైన మళ్లీ ఐసు కప్పాడు. రొయ్యను సర్దే పద్ధతే. నలభై రెండు డిగ్రీల ఎండలో వచ్చినా ఒక్క చాక్లెట్టూ కరగలేదు. ఆయన మొహం వెలిగిపోతోంది. "చూడు. రాయిలా ఉంది" అన్నాడు.

నేను కాగితం విప్పాను. తడికి కాగితం మెత్తబడి చేతికే వచ్చేసింది. ముక్క విరిచి అమ్మకిచ్చే ముందు ఎందుకో నేనే కొంచెం కొరికాను. నోట్లో షెడ్డు వాసన వచ్చింది. చాక్లెట్‌లో ఉన్న కొవ్వు పక్కనున్న వాసన ఏదైనా ఇట్టే పీల్చేసుకుంటుంది. ఆ పెట్టె ఎన్నేళ్లుగా రొయ్య మోస్తోందో. బ్లీచింగ్ వేసి కడిగినా థర్మకోల్‌లో దాగిన వాసన ఎక్కడికి పోతుంది? నా మొహం చూసి నాన్న కూడా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మింగలేక, ఉమ్మలేక నిలబడిపోయాడు.

అమ్మ వాసన చూసి విరగబడి నవ్వింది. "ఇదేం చాక్లెట్టయ్యా? ఉల్లిపాయ కోయమంటావా, ఇగురు పెడతాను" అంది. బుగ్గ నొప్పికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. వరండాలోకి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తీసుకెళ్తే గ్లాసు అందుకోకుండా, "ఇన్నేళ్లు ఊరు పేరు తెలియనోళ్లకి సరుకు పాడవకుండా పంపించా. మీ అమ్మకి తెచ్చిన ఒక్క పెట్టె పాడు చేశా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు కొత్త. గ్లాసు మెట్టు మీద పెట్టి పక్కనే కూర్చున్నాను.

శనివారం నేను బజారున పడ్డాను. గవర్నర్‌పేటలో పెద్ద పెద్ద కొట్లు వరసగా ఎక్కి దిగాను. మొదటి కొట్లో "ఇంపోర్టెడ్ మేడమ్" అని అద్దాల బీరువాలోంచి తీసిచ్చారు. తిరగేసి చూస్తే మన దేశంలో చేసిందే, కాగితానికి మాత్రం మెరుపెక్కువ. ఇంకో కొట్లో గల్ఫ్‌ది దొరికింది. అది వద్దన్నాను. మరో కొట్లో ఎట్టకేలకు యూరప్‌ది కనిపించింది. ఆత్రంగా అక్కడే కొని విప్పితే పైన తెల్లగా పొర కట్టి ఉంది. చూసినవాళ్లు బూజు అనుకుంటారు. బూజు కాదు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే వెన్న పైకి తేలి అలా తెల్లబడుతుంది. తింటే ప్రమాదం లేదు, కానీ నోట్లో ఇసుక రాలినట్టు ఉంటుంది.

"ఎవరికి మేడమ్?" అన్నాడు కొట్టాయన.

"మా అమ్మకండీ."

"పెద్దావిడేగా మేడమ్. ఆవిడకేం తేడా తెలుస్తుంది, ఇది తీసుకెళ్లండి. డిస్కౌంట్ ఇస్తా."

"ఆవిడకి తెలుస్తుందండీ. తెలుస్తున్నప్పుడే పెట్టాలని తిరుగుతున్నా" అన్నాను. గొంతు కొంచెం లేచింది. కొట్లో ఉన్నవాళ్లు నా వైపు చూశారు. చూడనీ అనుకున్నాను. ఆ ఎండలో బెసెంట్ రోడ్డు చివరి వరకూ వెళ్లాను, దొరకలేదు. కాళ్లు పీకుతున్నాయి, ఏడుపొస్తోంది. అయినా ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

చివరికి తమ్ముడికే తట్టింది. వాడితో పాటు అదే ఓడలో పనిచేసినతను గుణదలలో ఉంటాడు. ఇద్దరూ ఒకే రేవులో కొన్నారు. ఫోన్ చేస్తే అతని భార్య, "రెండే మిగిలాయండి. పాప పుట్టినరోజుకని ఫ్రిజ్‌లో స్టీలు డబ్బాలో పెట్టాను. అమ్మగారికంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఎండెక్కక ముందే రండి" అంది. ఆదివారం చల్లటి పూట మొదటి ఆటోలో వెళ్లాను. ఆవిడ ఆ స్టీలు డబ్బాను అలాగే తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియని ఆవిడకు దండం పెట్టాలనిపించింది. పాపకు ఏం కావాలో కనుక్కుని ఆ తర్వాత అది కొనిచ్చాననుకోండి.

ఇంటికి వచ్చి ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి విప్పి అమ్మ చేతికిచ్చాను. గోధుమ రంగులో నున్నగా మెరుస్తోంది. అమ్మ చేసిన మొదటి పని దాన్ని ముక్కలు విరవబోవడం. నేను మణికట్టు పట్టుకున్నాను.

"విరవకు."

"మీ నాన్నకో ముక్క..."

"నాన్న తినడు."

"నేను తినను" అన్నాడు నాన్న వరండాలోంచి, అడక్కుండానే.

"మరి నువ్వన్నా..."

"నేనూ తినను. ఇది నీది. మొత్తం నీదే. నువ్వు తినేదాకా నేనిక్కడి నుంచి లేవను."

అమ్మకు కోపం వచ్చింది. పిల్లలు తన చెయ్యి పట్టుకుని ఆపడం ఆమెకు అలవాటు లేదు. నేనూ చెయ్యి వదల్లేదు. చివరికి ఒక కొస కొరికి, పుండు లేని వైపు పెట్టుకుంది. నమలడానికి దవడ కదిలింది, ఆగింది. తర్వాత కదల్లేదు. కళ్లు కిటికీ వైపు పెట్టి అలాగే కూర్చుంది. ఇంకో కొస కొరికింది. మళ్లీ అలాగే. సగం అయ్యాక నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ ఇది మనింటికి వస్తానే ఉందా?"

"వస్తూనే ఉందమ్మా. నువ్వే చీరల కింద దాచి అందరికీ పంచావు."

"ఇట్టా ఉంటదని నాకెందుకు చెప్పలా?"

"చెప్పాం. ప్రతిసారీ చెప్పాం."

"గట్టిగా చెప్పాల్సింది" అంది. మెచ్చుకోలు కాదది. దెబ్బలాట. ఎవరో తన వాటా నొక్కేసినట్టు చూసింది నన్ను. చివరి ముక్క దాకా తిని, కాగితం మడిచి, వరండాకి వినబడేలా అరిచింది. "ఏవయ్యా, షెడ్డుకి ఫోన్ చెయ్యి. ఇయ్యాళొచ్చిన సరుకులో అన్నిటికంటే పెద్ద రొయ్య పంపమను. విరిగింది ఒక్కటొచ్చినా ఊరుకోను."

నాన్న ఎంత వేగంగా లేచాడంటే చెప్పులు కూడా వేసుకోలేదు. ఈసారి రొయ్య రొయ్యల పెట్టెలోనే వచ్చింది. సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకుని దగ్గరుండి నా చేత వండించింది. కారం మాత్రం పుండుకు భయపడి తగ్గించాం. అరచెయ్యంత రొయ్యలు ముందు తన కంచంలో వేసుకుంది. మేం ఆమె తినడం చూస్తూ కూర్చుని, ఆ తర్వాత తిన్నాం.

సోమవారం వైద్యం మొదలైంది. చెప్పినట్టే జరిగింది. ముందు ఉప్పు పోయింది, తర్వాత తీపి. అన్నం నోట్లో పెడితే తడిసిన కాగితంలా ఉందనేది. నోరు పూసి, గొంతు మండి, నీళ్లు మింగాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. మనిషి సగమైంది. నేను సెలవు పెట్టి జావలు కాచాను, బతిమాలాను, తిట్టాను, స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను. వైద్యం ముగిసినా రుచి రాలేదు. వానలు పడ్డాయి, అయినా రాలేదు. బరువు పెరగాలి, పాలల్లో ఏదైనా బలమైనది కలిపి పట్టించండి అన్నారు డాక్టరుగారు.

తమ్ముడు మళ్లీ ఓడెక్కే ముందు మమ్మల్ని చూడడానికి వచ్చాడు. వంటవాడు కదా, పాలల్లో చాక్లెట్ కరిగించి ఇస్తానని పొయ్యి దగ్గరికి వెళ్లాడు. వీధి కొట్లో కొన్న చాక్లెట్ విప్పాడు. ఫ్రిజ్‌లో ఉన్న రెండోదాన్ని ముట్టుకోలేదు.

"అమ్మకి ఇప్పుడు రుచి తెలియదు కదక్కా. పాలల్లోకి ఏదైతేనేం? మంచిది దాచుదాం, రుచి వచ్చాక తింటుంది" అన్నాడు నెమ్మదిగా.

సబబే అనిపించింది. నేను సరేనన్నాను. అంతలో హాల్లోని మంచం మీద నుంచి చప్పట్లు వినిపించాయి. గొంతు పెగలనప్పుడు అమ్మ మమ్మల్ని అలాగే పిలిచేది. ఇద్దరం వెళ్లాం. గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. మాట బొంగురుగా, ఒక్కొక్కటిగా వచ్చింది.

"నాకు తెలియదని నాసిరకం పోస్తారా?"

"అది కాదమ్మా, రుచి వచ్చాక..." అన్నాడు వాడు.

"వచ్చాక ఇంకోటి తేరా. ఇప్పుడు అది వెయ్యి."

తమ్ముడు మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లాడు. కొట్టు చాక్లెట్ పక్కన పడేసి, ఫ్రిజ్‌లోది తీసి, మొత్తం పాలల్లో వేసి కరిగించాడు. గ్లాసు నేనే పట్టుకెళ్లి అమ్మ చేతికిచ్చాను. గుక్క గుక్కకూ గొంతు మండుతుంటే కళ్లు మూసుకుని తాగుతోంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాను ఆశగా.

"ఏం తెలియట్లేదే" అంది. గ్లాసు మాత్రం దించలేదు.